పంచాంగం తెలిస్తే పరాయి సముద్రమూ మనదే

మన హైదరాబాదులో గుట్టలున్నాయి, చెరువులున్నాయి, లేనిదల్లా సముద్రమే. పహాడీ షరీఫ్ గుట్ట ఎక్కి, బాబా షర్ఫుద్దీన్ దర్గా దగ్గర నిలబడితే చుట్టూ రాతినేల. మనమున్నది సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన! అయినా సముద్రాలు దాటడం మనకిప్పుడు కొత్త కాదు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ, ఆ గుట్ట పక్కనుంచి పోయే శ్రీశైలం రోడ్డు మీదుగా, అమ్మాయి పురిటికనో, అబ్బాయి గృహప్రవేశానికనో ఎంతమంది తల్లులు పెట్టెలతో వెళ్తున్నారో!

మొదటిసారి వెళ్ళేవారి సంబరం చెప్పనలవి కాదు. ఆవకాయ, పసుపు కుంకుమ, బారసాలకు చీర అన్నీ సర్దుకుంటాం. వాటితోపాటు మన పంచాంగజ్ఞానం కూడా పట్టుకెళ్ళమంటాను. ఎందుకంటారా? సెలవు వచ్చిందంటే పిల్లలు మనల్ని బీచికి తీసుకువెళ్తారు కదూ!

కాలిఫోర్నియానే తీసుకోండి. మన విశాఖ తీరం తూర్పుముఖం గనుక సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. అక్కడి పసిఫిక్ తీరం పడమటిముఖం. సూర్యుడు నీళ్ళలోకి దిగుతాడు. చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కాని పాదం పెట్టారో, జివ్వుమంటుంది! ఉత్తరం నుంచి వచ్చే చల్లని ప్రవాహం, అడుగునుంచి ఉబికే చల్లనీరు కలవడంవల్ల శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఎండాకాలంలోనూ నీరు 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది.

ఇక పంచాంగం సంగతి. సముద్రపు పోటుకు ముఖ్యకారణం చంద్రుడి ఆకర్షణ. అమావాస్యకూ, పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఇంచుమించు ఒకే వరుసలోకి వస్తాయి. సూర్యచంద్రుల లాగుడు కలిసి, ఆ రోజుల్లో పోటు ఎక్కువౌతుంది. అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, చంద్రోదయం లాగానే. సంకటహర చవితికి చంద్రుడికోసం కాచుకునే మనకు ఇది ఒకరు చెప్పాలా? చంద్రుడు ఒక్కడే గనుక దాదాపు ఏ తీరంలోనైనా ఈ లెక్క పనికొస్తుంది. సరిగ్గా ఏ గంటకన్నది మాత్రం ఊరినిబట్టి మారుతుంది. అక్కడి పోటు వేళల పట్టిక చూసి చెప్పమని పిల్లల్నడగండి.

ఒక్క జాగ్రత్త. అలలు తక్కువగా ఉన్నచోటు క్షేమమనుకుంటాం. ఒక్కోసారి ఒడ్డుకొచ్చిన నీరు లోపలికి పరుగెత్తే దారి అదే! మనవణ్ణి అక్కడ దింపకండి. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. అలసిపోతే వెల్లకిలా తేలుతూ, చెయ్యెత్తి కేక వెయ్యాలి. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగకండి. ఎప్పుడు పెద్ద అల వస్తుందో తెలియదు. విశాఖలోనైనా ఇంతే.

పరాయి దేశంలో భాష రాకపోవచ్చు, దారులు తెలియకపోవచ్చు. తిథి చూసుకునే ఇల్లాలికి సముద్రం మాత్రం మరీ కొత్త కాదు. సంబరంగా వెళ్ళి, క్షేమంగా రండి!