వెన్నులో నీరు, గంటలో మందు

నూరేళ్ల కిందట మెనింజైటిస్ మహమ్మారిగా విరుచుకుపడితే నూటికి డెబ్బై మంది రోగులు పోయేవారు. న్యూయార్క్‌లో సైమన్ ఫ్లెక్స్‌నర్ అనే వైద్య పరిశోధకుడు గుర్రాల రక్తం నుంచి తీసిన సీరంను వెన్నులోకి ఎక్కించి చూశాడు. 1913లో దాదాపు 1,300 మంది రోగుల లెక్క బయటపెట్టాడు: మరణాలు 31 శాతానికి దిగాయి. తర్వాత సల్ఫా మందులు, పెన్సిలిన్, ఇప్పుడు సెఫ్ట్రియాక్సోన్. ఇంత మందు చేతిలో ఉన్నా, నేటికీ ఈ జబ్బు సోకిన ప్రతి ఆరుగురిలో ఒకరు చనిపోతున్నారు. మందు ఆలస్యంగా పడడం ఇందుకు ఒక పెద్ద కారణం.

మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉండే పొరలకు బ్యాక్టీరియా సోకడమే ఈ జబ్బు. పొద్దున మామూలు జ్వరంలా మొదలై రాత్రికే స్పృహ తప్పించగలదు. తల పగిలిపోయే నొప్పి, వాంతులు, గడ్డం ఛాతీకి ఆననంతగా మెడ పట్టేయడం, మగత కనిపిస్తాయి. పసిపిల్లల్లో మెడ బిగుసుకోకపోవచ్చు. పాలు మానేశారా, ఏడుపు ఆగడం లేదా, మాడు ఉబ్బిందా అని చూడాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగే జ్వరం కాదిది.

ఆసుపత్రికి చేరాక ఇంకో ఆలస్యం. వెన్నులో నీరు తీయాలనగానే “కాళ్లు పడిపోతాయేమో” అని ఇంటివాళ్లు సంతకానికి వెనకాడతారు. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది దిగేది దానికి కింద. ఏ క్రిమి సోకిందో చెప్పేది ఆ నీరే. ముందు స్కానింగ్ చేయాల్సి వచ్చి నీరు తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే మాత్రం రక్తం నమూనా తీసుకుని మందు మొదలుపెట్టేస్తారు. రోగి చేరినప్పటి నుంచి మందు పడేందుకు వైద్యులు పెట్టుకునే గడువు ఒక్క గంట.

మాత్రలు ఎందుకు చాలవు? రక్తంలోని మందును మెదడు వైపు సులువుగా పోనివ్వని అడ్డుగోడ ఒకటుంది. వాపు ఉన్నప్పుడు అది సడలుతుంది, వాపు తగ్గేకొద్దీ మళ్లీ బిగుస్తుంది. అందుకే పెద్ద మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు; రోగి లేచి కూర్చున్నా కోర్సు ఆపరు. సోకింది న్యూమోకోకస్ అనే బ్యాక్టీరియా అయితే 10 నుంచి 14 రోజులు.

చస్తున్న బ్యాక్టీరియా నుంచి రాలే ముక్కలు కూడా వాపును రెచ్చగొడతాయి. నెదర్లాండ్స్ వైద్యులు 301 మంది పెద్దలపై జరిపి 2002లో ప్రచురించిన పరిశోధనలో, తొలి యాంటీబయాటిక్‌కు కాస్త ముందు వాపు తగ్గించే డెక్సామెథాసోన్ ఇచ్చినప్పుడు మరణాలు 15 నుంచి 7 శాతానికి తగ్గాయి.

ఆ వాపు చెవినీ వదలదు. కోలుకున్న పిల్లలకు నెల లోపే వినికిడి పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే లోపలి చెవిలో ఎముక పెరిగి, వినికిడి తెప్పించే కాక్లియర్ ఇంప్లాంట్ పరికరాన్ని అమర్చడం కష్టమవుతుంది.