రాకెట్ దారిలో చమురు బావి!

ఆదివారం సాయంత్రమైతే నెల్లూరు నుంచి మైపాడు దారి పట్టే బళ్లకు లెక్కుండదు. పాతిక కిలోమీటర్లు వెళ్తే సముద్రం. పిల్లలు ఇసుకలో గూళ్లు కడుతుంటే, పెద్దవాళ్లు వేరుశనగల పొట్లం విప్పుకుని అలలు చూస్తూ కూర్చుంటారు. కార్తీక పౌర్ణమికి స్నానాలకొచ్చే జనం సంగతి సరేసరి. టికెట్టు లేని వినోదం! ఇదే సముద్రంలో కాస్త దక్షిణాన చమురు బావులు తవ్వేందుకు ఒకప్పుడు వేలంపాట జరిగిందని వాళ్లలో ఎందరికి తెలుసో...

కృష్ణా-గోదావరి బేసిన్ పేరు అందరూ విన్నదే. దానికి దిగువన పాలార్-పెన్నా బేసిన్ ఉంది. కోట్ల ఏళ్లుగా నదులు తెచ్చిపోసిన మట్టి పొరల కింద చమురో గ్యాసో ఉండొచ్చని ఆశ. 2006లో కేంద్రం ఆరో విడత 'నెల్ప్' వేలంలో ఇక్కడి సముద్రాన్నీ ఒక బ్లాకుగా గీసి పెట్టింది. తొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. కెయిర్న్, ఓఎన్‌జీసీ, టాటా పెట్రోడైన్ కలిసి దాన్ని దక్కించుకున్నాయి.

తవ్వకానికి అడ్డుపడింది తాబేళ్లు కాదు, పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలూ కాదు. శ్రీహరికోట!

అక్కణ్నుంచి లేచిన రాకెట్ల నుంచి విడిపోయే భాగాలు పడేది బంగాళాఖాతంలోనే. ప్రయోగం ఉందంటే వేటకు వెళ్లొద్దని మత్స్యకారులను ముందే హెచ్చరిస్తారు. పడవలే ఉండకూడదన్న చోట, మనుషులు రాత్రింబవళ్లు పనిచేసే రిగ్గును నిలబెడితే ఎలా? అంతరిక్ష శాఖ అభ్యంతరం చెప్పింది. పని ఏళ్లపాటు ముందుకు కదల్లేదు. ఒక కేంద్ర శాఖ ఇచ్చిన సముద్రానికి మరో కేంద్ర శాఖ అడ్డం చెప్పడం విచిత్రమే. ఆ తర్జనభర్జనలన్నీ ఢిల్లీలో జరిగినవే.

తవ్వకం అంటే ఏమిటో కోనసీమను అడగాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి తవ్వుతుండగా గ్యాస్ ఎగదన్నింది. కొబ్బరి తోటల నడుమ లేచిన మంట 65 రోజుల పాటు ఆరలేదు. ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది. అలాంటివి రోజూ జరగవు, నిజమే. కానీ ప్రమాదమేదీ లేకపోయినా ఇబ్బంది ఉంటుంది. సముద్రంలో రిగ్గు చుట్టూ 500 మీటర్ల మేర ఎవరూ రాకూడదు. ఓఎన్‌జీసీ పైప్‌లైన్ పనుల వల్ల వేట పోయిందని కోనసీమ, కాకినాడ జిల్లాల్లో 23,458 మత్స్యకార కుటుంబాలకు నెలకు రూ.11,500 చొప్పున పరిహారం లెక్కగట్టారు. నాలుగు నెలల మొత్తం 2022 మేలో అందింది.

అంటే వల వేసేవాళ్లకు కనీసం ఒక లెక్క ఉంది. ఒడ్డున కూర్చునేవాళ్లకు అదీ లేదు.

మరి ముందుగా అడుగుతారా? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధన మార్చింది. నేల మీదైనా, సముద్రంలోనైనా చమురు, గ్యాస్ అన్వేషణ బావులను 'బీ2' తరగతిలో చేర్చింది. ఆ తరగతి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. చమురు దొరికి, ఉత్పత్తికి దిగేటప్పుడు మాత్రం వివరమైన అధ్యయనం తప్పదు. కానీ అప్పటికే బావి తవ్వేసి ఉంటారు కదా! పాశర్లపూడిలో మంట లేచింది తవ్వేటప్పుడే.

అభిప్రాయ సేకరణ అంటే పెద్ద తతంగమేమీ కాదు. ఊళ్లో ఓ షామియానా, ఎదురుగా కలెక్టరు, ఒక మైకు. ఎవరైనా లేచి నిలబడి, రిగ్గు ఒడ్డుకు ఎంత దూరమో, చమురు ఒలికితే ఎవరు ఎత్తుతారో, జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ల మాటేమిటో అడగొచ్చు. జవాబు మినిట్స్‌లోకి ఎక్కుతుంది. మైపాడు వాళ్లయినా, తూపిలిపాళెం వాళ్లయినా రేపు అన్వేషణ బావి పేరు వింటే, ఆ మైకు కోసం ముందు వెతుక్కోవాలి.