చెవులు కుట్టించే ముందు పూసే మత్తు లేపనం

మన సంస్కారాలలో కర్ణవేధ ఒకటి. శిశువుకు ఆరవ లేక ఏడవ మాసంలో చెవులు కుట్టాలని సుశ్రుత సంహిత చెబుతోంది. బిడ్డను ఒడిలో ఉంచుకొని, ఆటవస్తువులతో మరిపిస్తూ, సూర్యకాంతి ప్రసరించే చోట తమ్మెను కుట్టాలని అందులోని విధానం. నేడు బిడ్డ ఏడుపు చూడలేని తల్లిదండ్రులు ముందుగా మత్తు లేపనం పూయిస్తున్నారు. నానక్‌రామ్‌గూడ పరిసరాలలోని యువ దంపతులు తరచుగా దీనిని గురించి నన్ను అడుగుతుంటారు. వైద్యునిగా వారికి చెప్పే మాటలనే భక్తులకూ విన్నవిస్తున్నాను.

సాధారణంగా వాడే లేపనంలో లిడోకైన్, ప్రిలోకైన్ అనే మందులు చెరి 2.5 శాతం ఉంటాయి. అవి చర్మంలోకి ఇంకి, నొప్పిని చేరవేసే నాడుల పనిని కొంతసేపు ఆపుతాయి. ఇందుకు సుమారు ఒక గంట పడుతుంది. త్వరపడి సూది గుచ్చితే నొప్పి తగ్గదు. త్వరగా పనిచేయాలని మరింత పూస్తే అపాయం.

ఇంకిన మందు చర్మంలోనే ఆగక రక్తంలో కలుస్తుంది. ఎక్కువ మేర పూసినా, ఎక్కువసేపు ఉంచినా, గాలి చొరకుండా కప్పినా మరింతగా కలుస్తుంది. అమెరికాలో 22, 25 ఏండ్ల యువతులు ఇద్దరు లేజర్‌తో రోమాలు తొలగించుకొనే ముందు కాళ్లకు మత్తు లేపనం పూసి, ప్లాస్టిక్ పొర చుట్టుకొన్నారు. మూర్ఛ వచ్చి, స్పృహ తప్పి మరణించారు. 2007లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై ప్రజలను హెచ్చరించింది. లేజర్ చికిత్సకు వెళ్లే మన యువత కూడా దీనిని గుర్తుంచుకోవాలి.

పసిబిడ్డలకు మరొక ప్రమాదం ఉన్నది. ప్రిలోకైన్ వలన రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గవచ్చు. అందుకే 3 నెలలలోపు, లేదా 5 కిలోలకు తక్కువైన శిశువుకు మొత్తం 1 గ్రాము, ఒక గంట మించరాదు. ఆపైన ఏడాది వరకు 2 గ్రాములే హద్దు. రెండు చెవి తమ్మెలకు అంత కూడా అవసరముండదు. నెలలు నిండక పుట్టినవారికి, సల్ఫా మందులు వాడుతున్న శిశువులకు, జీ6పీడీ లోపమున్నవారికి వైద్యుని అనుమతి లేనిదే పూయరాదు.

పుండు ఉన్నచోట పూయకండి. చెవి రంధ్రంలోకి, కంటిలోకి, నోటిలోకి పోనీయకండి. బిడ్డ దానిని తుడిచి చేయి నోట పెట్టుకోకుండా చూడండి. కుట్టే ముందు పూర్తిగా తుడిచివేయండి. పూసినచోట చర్మం కొద్దిగా పాలిపోవడం సహజమే. కాని పెదవులు, గోళ్లు నీలివర్ణమైనా, మగత కమ్మినా, ఊపిరి కష్టమైనా, పెద్దలకు చెవులలో హోరు, నోటి చుట్టూ తిమ్మిరి తోచినా వెంటనే లేపనం తుడిచి 108కి ఫోను చేయండి.

ముహూర్తం వేళ ఆలయ ప్రాంగణంలో హడావిడిగా పూయక, ముందురోజే పిల్లల వైద్యుని సంప్రదించండి. లేపనం వద్దని ఆయన అంటే సంస్కారానికి లోటేమీ లేదు. కుట్టడం క్షణకాలమే. తల్లి ఒడి, చేతిలో ఒక బొమ్మ ఉంటే బిడ్డ త్వరలోనే ఊరట చెందుతుంది.