ఇనుము చెప్పు భూగర్భవార్త

వానకు తడిసిన నాగటికఱ్ఱు కొలది దినములలోనే త్రుప్పుపట్టుట మన నల్లరేగడి చేలలో మీరందఱును చూచియుందురు. ఇనుము నీటి సాహాయ్యమున గాలిలోని ఆమ్లజనితో కూడుటయే ఇందులకు కారణము. ఈ స్వభావమే భూగర్భశాస్త్రజ్ఞులకు ఒక కొలబద్దయైనది.

ఇనుపపరమాణువు రెండు ఎలక్ట్రానులను కోల్పోయినచో ఫెర్రస్ స్థితియనియు, మూడింటిని కోల్పోయినచో ఫెర్రిక్ స్థితియనియు అందురు. ఆమ్లజని ప్రభావము హెచ్చైనకొలది ఫెర్రిక్ పాలు పెరుగును. కావున అగ్నిపర్వతశిలలో ఈ రెండింటి పాళ్లు తెలిసినచో, ఆ శిల ద్రవముగానున్న లోతులలోని ఆమ్లజని స్థితిని గ్రహింపవచ్చును.

తెలుగునాట రాజమహేంద్రవరము చెంత, గోదావరి కిరువైపులనున్న కాటేరు, పంగిడి ప్రాంతములలో బసాల్టు శిల కలదు. అది సుమారు 6 కోట్ల 50 లక్షల సంవత్సరములకు పూర్వము ప్రవహించిన లావా. అయితే మందమైన లావా మెల్లగా చల్లాఱుటచే స్ఫటికములేర్పడును. పిమ్మట గాలియు నీరును దానిలోని ఇనుమును మార్చును. సముద్రగర్భమున వెలువడు లావా అట్లు కాదు. చన్నీరు తగిలినంతనే దాని పైపొర గాజుగా బిగిసిపోవును. స్ఫటికములకు వ్యవధి లేదు గనుక ఇనుము ఉన్న స్థితిలోనే నిలిచిపోవును.

ఈ గాజును పొడిచేసి, గాలి సోకకుండ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమున కరగించి, పొటాసియము డైక్రోమేటుతో టైట్రేషను జరిపిన ఫెర్రస్ పరిమాణము తెలియును. మొత్తము ఇనుమునుండి దానిని తీసివేయగా మిగిలినది ఫెర్రిక్. కాని నూరునపుడే కొంత ఫెర్రస్ ఫెర్రిక్‌గా మాఱవచ్చును. నేడు సింక్రోట్రాన్ యంత్రముల ఎక్స్‌కిరణములతో గాజును కరగింపకయే పరీక్షించుచున్నారు. అందును జాగరూకత వలయును; నీరు కలిసిన గాజులలో తీవ్రకిరణములే ఇనుము స్థితిని మార్చగలవు.

సముద్రమధ్యపర్వతశ్రేణుల గాజులలో నూటికి 16 పాళ్లు ఇనుము ఫెర్రిక్ అని 2011లో ఒక పరిశోధన తెలిపెను. 2018లో ఒక బృందము 14 అనియు, వేఱొక బృందము 10 అనియు తేల్చినవి. ఈ భేదమునకు ముఖ్యకారణము సముద్రపు గాజు కాదు. పోల్చి చూచుటకు గైకొన్న ప్రమాణపు గాజులలోని ఇనుమును నిర్ణయించిన తీరు. ఆ అంకె మాఱినచో భూమి లోపలి ఆమ్లజనిని గూర్చిన మన అంచనాయు మాఱును.

విరుదునగరపు అంగడిలో పడికట్టురాయి సరిగానున్ననే తూకము సరియగును గదా! శాస్త్రమునందును అంతే. మీరు ప్రయోగశాలలో బ్యూరెట్టు పట్టునపుడు, మొదట మీ ప్రమాణద్రావణమునే పరీక్షించుకొనుడు.