మెగాకారియోసైట్ల వ్యాధులు – ఎముక మజ్జలో మార్పులు

ప్లేట్‌లెట్లు ఎముక మజ్జలోని మెగాకారియోసైట్లు అనే పెద్ద కణాల నుంచి తయారవుతాయి. ఈ కణాలు అదుపు తప్పి పెరిగినప్పుడు మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్ల సంఖ్య 4,50,000 దాటవచ్చు. ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియాలోనూ, ప్రైమరీ మైలోఫైబ్రోసిస్ తొలిదశలోనూ ఈ పెరుగుదల ఒకేలా కనిపించవచ్చు. మొదటి వ్యాధిలో చాలామంది దీర్ఘకాలం జీవిస్తారు. రెండోది క్రమంగా మజ్జను నారపోగులతో నింపివేస్తుంది. 2005లో గుర్తించిన జాక్2 ఉత్పరివర్తనం రెండింటిలోనూ సగానికి పైగా రోగులలో ఉంటుంది కాబట్టి, ఆ జన్యుపరీక్ష కూడా ఈ చిక్కు తీర్చదు.

తేడా మజ్జలోనే తెలుస్తుంది. మొదటిదానిలో మెగాకారియోసైట్లు బాగా పెద్దవిగా, జింక కొమ్ముల్లా శాఖలు చీలిన కేంద్రకాలతో ఉంటాయి. రెండోదానిలో అవి దట్టంగా గుంపులు కడతాయి. కేంద్రకాలు మబ్బుల ఆకారంలో, ముదురు రంగుతో కనిపిస్తాయి.

వ్యాధి పేరును బట్టి ఫైబ్రోబ్లాస్ట్‌లే దోషులని విద్యార్థులు భావించడం సహజం. అవి పోగులను తయారుచేసే మాట నిజమే. కాని వాటిని ఆ పనికి ప్రేరేపించే వాటిలో ముఖ్యమైనది మెగాకారియోసైట్లు విడుదల చేసే టీజీఎఫ్-బీటా. పోగులు పెరిగేకొద్దీ రక్తకణాల తయారీకి మజ్జలో చోటు తగ్గి, ఆ పని కొంత ప్లీహానికి మారుతుంది. ప్లీహం బాగా పెరుగుతుంది. ఆ దశలో సూదితో పీల్చినా తరచుగా మజ్జ రాదు. సన్నని ఎముక ముక్కను తీసి, వెండి రంజనంతో పోగులను పరిశీలించాలి.