జపాన్ భరతపక్షి – మిసోరా హిబారి

ఇంటి పని చేసుకుంటూ కూనిరాగం తీయని ఇల్లాలు ఉంటుందా చెప్పండి? ఇవాళ జపాన్ ఇళ్ళల్లో ఆడవాళ్ళు అలా పాడుకున్న పాటల గాయని గురించి చెప్పుకుందాం. ఆవిడ పేరు మిసోరా హిబారి. అందమైన ఆకాశంలో భరతపక్షి అని ఆ మాటకు అర్థం. అసలు పేరు కాటో కజూయే.

ఆవిడకు పేరు తెచ్చినవి ‘ఎన్‌కా’ పాటలు. ఎడబాటు, వదిలి వచ్చిన ఊరు, ఓడరేవు, కన్నీళ్ళు – ఇవే వాటిలో విషయాలు. వాటిలో కొన్నింటి స్వరాలు అచ్చం మన మోహన రాగానివే. గొంతును మెలితిప్పి పలికే పద్ధతిని వాళ్ళు ‘కొబుషి’ అంటారు. వింటే మన గమకం గుర్తొస్తుంది.

హిబారి 1937లో యోకొహామాలో ఒక చేపల వర్తకుడి ఇంట పుట్టింది. 1943లో తండ్రిని యుద్ధానికి సాగనంపుతున్న రోజున ఆరేళ్ళ పిల్ల పాడితే అక్కడున్నవాళ్ళు కంటతడి పెట్టారట. పిల్ల గొంతులో ఏముందో తల్లి కిమియే కనిపెట్టేసింది. 1946లో రేడియో పోటీకి తీసుకువెళితే, ఇది పిల్లల పాటలా లేదని నెగ్గించలేదు. తల్లి వదిలితేనా! 1949లో, పన్నెండేళ్ళకే, మొదటి రికార్డు వచ్చింది. అదే ఏడు సినిమాల్లోనూ పేరొచ్చింది. 1965లో ‘యవరా’ అనే పాటకు జపాన్ రికార్డు అవార్డు ఇచ్చారు.

పేరుతోపాటు కష్టాలూ వచ్చాయి. 1957లో ఒక అభిమానే, తన ఈడు పిల్లే, ముఖాన యాసిడ్ పోసింది. అదృష్టవశాత్తూ మచ్చ మిగల్లేదు. 1962లో పెళ్ళయితే 1964కల్లా విడిపోయారు. 1973లో తమ్ముడి మీద కేసులు వచ్చేసరికి ఏడాది చివర జరిగే పెద్ద పాటల కార్యక్రమానికి పిలుపు ఆగిపోయింది. అయినా తల్లీకూతుళ్ళు అతన్ని వదులుకోలేదు.

అన్నాళ్ళూ కచేరీల వ్యవహారమంతా తల్లే చూసేది. ఆ తల్లి 1981లో పోయింది. 1983లో ఒక తమ్ముడు, 1986లో రెండో తమ్ముడు పోయారు. దత్తత తీసుకున్న తమ్ముడి కొడుకు ఉన్నాడు. 1987లో తుంటి ఎముకలు పాడై నెలల తరబడి ఆస్పత్రిలో ఉంది. ఇక పాడలేదనుకున్నారు అందరూ.

1988 ఏప్రిల్ 11న టోక్యో డోమ్‌లో యాభై వేలమంది ముందు నిలబడి దాదాపు నలభై పాటలు పాడింది. వేదిక వెనకాల అంబులెన్సు సిద్ధంగా ఉంది. జనానికి మాత్రం చిరునవ్వే కనిపించింది. 1989 జూన్ 24న, యాభై రెండేళ్ళకే కన్నుమూసింది. ఆ ఏడే జపాన్ ప్రభుత్వం ‘ప్రజా గౌరవ పురస్కారం’ ఇచ్చింది. అది అందుకున్న మొదటి మహిళ ఆవిడే.

పిల్లల్లో విద్య కనిపిస్తే మనం మురిసిపోతాం, వెంటపడి నేర్పిస్తాం. మంచిదే. కాని రేపు మనం లేనినాడు ఆ పిల్ల ఒంటరిగా నిలబడగలదా అన్నదీ ఇప్పుడే చూసుకోవాలి కదూ! హిబారి నిలబడింది. ఎంత కష్టంమీద నిలబడిందో ఆవిడ నవ్వు మాత్రం చెప్పలేదు.