ఎన్నికల కోడ్ ఎత్తేశారు.. మరి ఐదేళ్ల కోడ్ ఏది?

చర్ల సెంటర్‌లో ఎవరినైనా "కోడ్ అంటే ఏంటి?" అని అడగండి. "ఎలక్షన్ కోడ్" అనే చెప్తారు. నోటిఫికేషన్ రాగానే కోడ్ అమల్లోకి వస్తుంది. ఫ్లెక్సీలు దిగుతాయి, శిలాఫలకాలకు ముసుగులు పడతాయి. ఫలితాలు వచ్చాక కోడ్ ఎత్తేస్తారు. అక్కడితో అయిపోయిందనుకుంటాం. కానీ గెలిచినవాళ్ల చేతికి పంచాయతీ డబ్బు వచ్చేది, వాళ్లు బిల్లుల మీద సంతకాలు పెట్టేది ఆ తర్వాతే. ఆ ఐదేళ్లకు కోడ్ ఉందా? ఉంది. ఆ పేరుతో లేదంతే.

బ్రిటన్‌లో ప్రజా జీవితంలో ఉన్నవాళ్ల నడవడి మీద 1994లో నోలన్ కమిటీ వేశారు. నిస్వార్థం, నిజాయితీ, నిష్పాక్షికత, జవాబుదారీతనం వంటి ఏడు సూత్రాలను ఆ కమిటీ 1995లో ప్రకటించింది. 2011 నాటి స్థానిక పాలన చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ప్రతి కౌన్సిల్‌కూ సభ్యుల ప్రవర్తనా నియమావళి ఉండాలి. సభ్యుడి వ్యాపారం ఏంటి, ఆస్తులు ఎక్కడున్నాయి అన్నది రిజిస్టర్‌లో రాయాలి. ఉర్దూలో దీనికి మనకు ఎప్పటినుంచో ఒక మాట ఉంది: అమానత్. పదవి సొంత ఆస్తి కాదు, నమ్మి అప్పగించిన సొమ్ము అని దాని అర్థం.

మన చట్టం ఏం చెప్తోంది?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని, పంచాయతీ సమావేశం ప్రతి నెలా జరగాలని అందులో ఉంది. చెక్ పవర్ సర్పంచ్ ఒక్కరికే ఇవ్వకుండా ఉప సర్పంచ్‌తో కలిపి ఇచ్చారు. పంచాయతీ పనుల కాంట్రాక్టులో సభ్యుడికి సొంత లాభం ఉంటే పదవికే ఎసరు వస్తుంది. నిధులు దుర్వినియోగం చేసిన సర్పంచ్‌ను సంజాయిషీ అడిగి తొలగించే అధికారం కలెక్టర్‌కు ఉంది. లంచం విషయానికొస్తే, 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద సర్పంచ్ కూడా ప్రభుత్వ ఉద్యోగి లాగే పబ్లిక్ సర్వెంట్.

ఇవి రాష్ట్రం మొత్తానికీ ఉన్నవే. చర్ల మండలం ఐదో షెడ్యూల్ ప్రాంతం కాబట్టి ఇక్కడ వీటిపైన ఇంకో చట్టం ఉంది. అదే 1996 డిసెంబర్‌లో వచ్చిన పెసా చట్టం.

పెసాలో రెండు మాటలు

పెసా అనగానే అడవి, ఇసుక, గనుల గురించే మాట్లాడతాం. కానీ అందులో పంచాయతీ నిజాయితీకి సంబంధించిన రెండు నిబంధనలు ఉన్నాయి. ఒకటి, ఊళ్లో అభివృద్ధి పని ఏది మొదలుపెట్టాలన్నా ముందు గ్రామసభ ఆమోదం కావాలి. పథకాల లబ్ధిదారులను ఎంపిక చేసేది కూడా గ్రామసభే. రెండు, ఆ పనులకు పెట్టిన డబ్బు సరిగ్గా ఖర్చయిందని పంచాయతీ గ్రామసభ నుంచే ధ్రువీకరణ తీసుకోవాలి.

ఈ రెండోదాన్ని కాస్త ఆగి చూడండి. మామూలుగా లెక్కలు చూసేది ఆడిట్ అధికారి. ఇక్కడ మాత్రం ఆయనతో పాటు ఊరు కూడా చూడాలి. సీసీ రోడ్డు ఎన్ని మీటర్లు వేశారు, బోరుకు మోటారు బిగించారా లేదా అన్నది ఆ దారిన నడిచేవాళ్లకు, ఆ నీళ్లు పట్టుకునేవాళ్లకు తెలిసినట్టు కాగితాలు చూసేవాళ్లకు తెలియదు. పైగా పెసాలో ఊరంటే పంచాయతీ కేంద్రం ఒక్కటే కాదు. ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాలు కలిసి తమ పనులు తాము చూసుకునే చోటు కూడా ఊరే. అడవిలో దూరంగా ఉన్న కోయ గూడేనికి ఇది చాలా పెద్ద విషయం.

ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. గిరిజనులైనా, చర్లలో దుకాణం పెట్టుకున్న ముస్లిం కుటుంబమైనా సభలో కూర్చుని లెక్క అడగొచ్చు.

ఎక్కడ తేడా కొడుతోంది?

తీర్మానాల పుస్తకం దగ్గరే. సభ జరగకుండానే ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటే ధ్రువీకరణ ఉత్త కాగితమైపోతుంది. షెడ్యూల్ ప్రాంతంలో సర్పంచ్ పదవి గిరిజనులకే రిజర్వు. కానీ కుర్చీలో ఒకరుండి పెత్తనం ఇంకొకరు చేస్తే ఆ రిజర్వేషన్ వల్ల లాభమేంటి? మహిళా సర్పంచ్ బదులు భర్త వచ్చి కూర్చోవడమూ అలాంటిదే.

సర్పంచుల వైపు నుంచి కూడా చూడాలి. 2019లో గెలిచినవాళ్లలో చాలామంది అప్పు తెచ్చి పనులు చేయించారు. 2024 మొదట్లో పదవీకాలం అయిపోయినా బిల్లులు రాక, వాటి కోసం రోడ్డెక్కి ఆందోళన చేశారు. డబ్బు సమయానికి ఇవ్వకుండా నిజాయితీ ఒక్కటే అడిగితే సరిపోదు. సర్పంచే వేరేవాళ్ల పేరుతో పని చేయించుకోవడం, వడ్డీ కట్టడానికి బిల్లు పెంచి రాయడం ఇలాంటి చోటే మొదలవుతాయి. పదవిని వేలం పాటలో కొనుక్కుంటే ఇక చెప్పేదేముంది? పెట్టిన డబ్బు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాల్సిందే కదా.

మనం ఏం చేయొచ్చు?

ఇది అయ్యే పనేనా అంటే, మనకు అనుభవం ఉంది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీ నడిచింది. మస్టర్లు ఊళ్లో చదివి వినిపించారు, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టారు. పేరు చదివినప్పుడు "నేను ఆ పనికి పోలేదు" అని కూలీ లేచి చెప్తే ఆ మస్టర్ అక్కడే తేలిపోతుంది. పంచాయతీ నిధుల విషయంలోనూ అదే పద్ధతి కావాలి.

గ్రామసభకు వెళ్లినప్పుడు మూడు సంగతులు అడగండి. గత సభలో ఏం తీర్మానించారో చదవమనండి. ఏ పనికి ఎంత ఖర్చయింది, డబ్బు ఎవరి పేరున వెళ్లింది అని అడగండి. ధ్రువీకరణ మీద సంతకం పెట్టేముందు దాన్ని తెలుగులో, కోయ గూడెంలో అయితే కోయలో వినిపించమనండి. వినకుండా వేలిముద్ర వేయొద్దు.

చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఫోన్‌లో నెట్ ఉన్నవాళ్లు ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో తమ పంచాయతీ లెక్కలు చూసుకోవచ్చు. లంచం అడిగితే ఏసీబీ టోల్ ఫ్రీ నంబర్ 1064.

2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగాక, దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. ఈ ఐదేళ్లు లెక్క వినిపించడం వాళ్ల బాధ్యత. పని మానుకునైనా సభకు వెళ్లి కూర్చోవడం మన బాధ్యత.